ఎనభై రెండో ముడి

తల కదిలించకూడదు. తొమ్మిది కూత ఇప్పుడే కూసింది. ఏ మిల్లుదో ఏమో, చెవుల్లో ఇంకా గుయ్యిమంటూనే ఉంది. ఇంకొక్క గంట. పది కూతకు డాక్టరు వస్తాడు, కట్టు విప్పుతాడు, ఉచ్చీరప్ప కుడికన్ను నిలిచిందో పోయిందో అప్పుడు తేలిపోతుంది. ఏడు దినాలు పడుకున్నవాడికి ఒక గంట ఒక లెక్కా అని నర్సమ్మ పొద్దున నవ్వింది. ఆమెకేం, నవ్వుతుంది. ఆమె మెడ తిరుగుతుంది, నడుము వంగుతుంది, ముక్కు మీద ఈగ వాలితే తోలుకుంటుంది. ఉచ్చీరప్ప తలకు అటొక ఇసుక మూట, ఇటొక ఇసుక మూట. వెల్లకిలా పడుకోవాలి, దగ్గకూడదు, తుమ్మకూడదు, పగలబడి నవ్వకూడదు, కోపమొచ్చినా పండ్లు కొరకకూడదు. కంట్లో కోసిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. విసురుగా లేచినాడా, అంతే, కన్ను కారిపోతుంది. ఎడమకన్ను అట్లాగే పోయింది, రెండేండ్ల కింద. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఎమ్మిగనూరులో మగ్గం గుంతలోకి కాళ్లు దింపుకుని కూర్చునే బతుకు అయిపోయినట్టే. పద్నాలుగో ఏట దిగిన గుంత అది. యాభై రెండేండ్లకు పెండ్లాం తిప్పమ్మ కొంగు పట్టుకుని నడవాలా? నడవడు. కదలడు. ఈ రేకుల కప్పు ఊడి మీద పడినా కదలనంటే కదలడు.

ఆదోనిలో పత్తి సీజను అయిపోయి జిన్నింగు మిల్లు మూతపడితే, ఖాళీ గోడౌనులో నలభై మంచాలు వేసి కండ్ల క్యాంపు పెట్టారు. ఎంత ఊడ్చినా, ఎంత ఫినాయిలు చల్లినా పత్తి పోలేదు. గాలి తిరిగినప్పుడల్లా ఎక్కడి సందులోంచో నూగు లేచి మొహం మీద వాలుతుంది. కండ్లకు కనపడకపోతే ఏం, నేతగాడి చర్మానికి నూగు తెలీదా? మే నెల ఎండకు పైన రేకులు టపటపమంటున్నాయి. నిన్నటిదాకా చేతులు కూడా మంచం పట్టెలకు పాతగుడ్డతో కట్టే ఉంచారు, నిద్రలో కన్ను నలుపుకుంటారని. పొద్దున విప్పారు, మొహం దగ్గరికి పోనిస్తే మళ్లీ కడతామని బెదిరించి. విప్పగానే సావాసగాడు దేవదాసు తన సంచిలోంచి గుడ్డ తీసి ఎద మీద పరిచాడు, మూడు కాయలు ఎడమ గుప్పిట్లో పెట్టాడు. "సేతులకు పని ఉంటే తల ఊరికే ఉంటాది అన్నా" అన్నాడు, గంజి తెస్తానని పోయాడు. ఇంకా రాలేదు. యాడికి పోయినాడో.

గుడ్డ అంటే మామూలు గుడ్డ కాదు, చదరంగం గుడ్డ. ఉచ్చీరప్ప తన మగ్గం మీద తానే నేసింది, నల్లనూలూ తెల్లనూలూ వేసి, అరవై నాలుగు గడులు, కొసలకు కుచ్చు వదిలి. కాయలు దేవదాసు చేసినవి. ఉచ్చీరప్ప విరిగిన నూలు కండెలు మూటగట్టి ఇస్తే, మిల్లులో ఫిట్టరు పని చేసే దేవదాసు వాటిని చిత్రిక పట్టి రాజునూ మంత్రినీ ఏనుగునూ దించాడు. గుర్రాలు మాత్రం మేకల మాదిరి వచ్చినాయి. ఎన్నిమార్లు ఎగతాళి చేశాడో! "నీ మేకను యాడ పెట్టినావప్పా" అంటే దేవదాసు నవ్వేవాడు కాదు, మేకను తెచ్చి రాజు మీదికి తోలి షా ఇచ్చేవాడు. ఎనిమిదేండ్లయింది ఆ మనిషి తెలిసి. ఎమ్మిగనూరులో ఎవరిదో నూలు చుట్టే మిషను బాగుచేయడానికి వచ్చి, వీధిలో ఆట జరుగుతుంటే దూరంగా నిలబడి చూసి చూసి, చివరికి ఆపుకోలేక "ఆ గుర్రం పోతాది అన్నా" అన్నాడు. పోయింది కూడా. ఆ మరుసటి ఆదివారం చర్చి అయిపోగానే ఆదోనిలో బస్సెక్కి మళ్లీ వచ్చాడు, చంకలో ఒక పుస్తకంతో. చర్చి మిషను బంగళా ఖాళీ చేసేటప్పుడు పాదిరి దొర పారేసిన పుస్తకం. ముందు పుటలు చెదలు తిన్నాయి, వెనక జవాబులు ఉండాల్సిన పుటలూ చెదలే తిన్నాయి. నడుమ నలభై ఒక్క బొమ్మలు మిగిలాయి, బొమ్మకొక లెక్క, ఒక్కోదాని కింద ఇంగ్లీషులో ఒక ముక్క: తెల్లవి ఆడి రెండెత్తుల్లో ఎదుటి రాజును కట్టేసి మాత్ చేయాలి, తెల్లవి ఆడి గెలవాలి, ఇట్లా. ఆ మాత్రం ఇంగ్లీషు దేవదాసుకు పాదిర్ల బడిలో అబ్బింది. ఒకరినొకరు ఓడించుకునే ఆట మానేసి, ఇద్దరూ ఒక పక్కన కూర్చుని ఎవరో ముక్కూమొహం తెలియని దొర పెట్టిన ముడిని విప్పడం మొదలుపెట్టారు. అబ్బా, ఏం సుఖం అది! ఎదుటోడు ఓడేది లేదు, ఏడ్చేది లేదు.

"ఓ ఎమ్మిగనూరన్నా! టయం ఎంతయిందో?" పక్క మంచం మీద నందవరం భీమన్న. సేద్యగాడు, నోరు ఊరికే ఉండదు.

"తొమ్మిది కూత ఇప్పుడే కదప్పా అయింది. మల్ల అడుగుతావేమి?"

"నాకేమో పదీ పదకొండూ దాటినట్లుండాది. వాండ్లు మనల్ని మర్సిపోయినారేమో."

"మర్సిపోరులే. తల తిప్పాకు."

"తిప్పలేదప్పా, నోరే తిప్పతాండా."

నవ్వు వచ్చింది. నవ్వకూడదు. పొట్ట బిగబట్టాడు, నవ్వు పోయింది, కానీ ముక్కులోకి నూగు పోయింది. దేవుడా, తుమ్ము! లోపల ఎక్కడో మొదలై, పైకి పాకుతూ, ముక్కు దూలం దగ్గరికి వచ్చి నిలబడింది. నోరు తెరిచాడు. పైపెదవి మీద వేలు గట్టిగా అదిమాడు. మొహం దగ్గరికి చెయ్యి పోనిచ్చినావని నర్సమ్మ అరిస్తే అరవనీ. ఊపిరి పీల్చకుండా వంద లెక్కపెట్టాలి. పోగుల లెక్క అనుకో. ఒకటి, రెండు, మూడు. పడుగు పోగులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టు. అరవై దగ్గర తుమ్ము వెనక్కి తిరిగింది, డెబ్బై దగ్గర ఇంకోసారి తొంగిచూసింది, ఎనభైకి పోయింది. చెమట చెవుల్లోకి కారింది. తగిన శాస్తే. రెండేండ్లుగా ఊరందరికీ ఏమని చెప్పుకున్నాడు? తుమ్ము వచ్చింది, అందుకే ఎడమకన్ను పోయిందని. తిప్పమ్మకు అదే చెప్పాడు, దేవదాసుకు అదే చెప్పాడు. ఎవరడిగినా తుమ్మే. ఆ అబద్ధపు తుమ్ము ఇప్పుడు నిజంగా వెతుక్కుంటూ వచ్చింది చూడు.

తుమ్ము కాదు. ఆ మాట ఈ చీకట్లోనన్నా ఒప్పుకోవాలి. రెండేండ్ల కిందటి ఆ క్యాంపు వేరే ఊర్లో. మూడో దినం. తాయమ్మ అని ఒకామె గంజి తాగించేది, మెత్తటి గొంతు, చెంచా పెదవికి తగిలించి "తాగు నాయనా" అనేది. రెండు దినాలు తాగాడు. మూడో దినం బుద్ధి పుట్టి, ఎవరింటి పిల్లవు తల్లీ అన్నాడు. గంజి రుచిగానే ఉంది కదా, తాగి పడుకోవచ్చు కదా! ఆమె దాచలేదు, ఊరూ చెప్పింది, ఊరి బయట తాముండే గేరీ చెప్పింది. అంతే. ఒళ్లు ఎవరో గుంజినట్టు, నోట్లోది ఉమ్మడానికి లేచి కూర్చున్నాడు. లేచి కూర్చున్నాడు! కంట్లో వేడిగా ఏదో జారింది. తాయమ్మ "అయ్యో అయ్యో పడుకో నాయనా" అని భుజాలు పట్టుకుంటే, ఆ చేతులను కూడా విదిలించాడు. కులం కాపాడుకున్నాడు, కన్ను పోగొట్టుకున్నాడు. ఎంత మొగోడు!

ఇప్పుడు గంజి తాగించేది ఎవరు? మగవాళ్ల వరసలోకి నర్సమ్మ తప్ప ఆడవాళ్లను రానీయరు. తిప్పమ్మ బయట వంట షెడ్డులో ఉంది, తొలిదినం ఆమే దేవదాసు చెయ్యి పట్టుకున్నట్టుగా బతిమాలింది: "నువ్వే సూసుకోవాల దేవదాసన్నా, ఆయప్ప ఎవురి మాటా ఇనడు." అప్పటినుంచీ మూడు పూటలా దేవదాసే. ఆ లోటా దేవదాసు ఇంటిది, అంచున ఒక సొట్ట ఉంది, పెదవికి తెలుస్తుంది. ఆ చేతికి మిషను నూనె వాసన ఉంటుంది. ఉచ్చీరప్ప ఏడు దినాలుగా తాగుతున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు, కన్ను కోసం కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఎమ్మిగనూరులో ఎనిమిదేండ్లుగా అదే దేవదాసు అరుగు మీదే కూర్చున్నాడు, గడప దాటింది లేదు. దప్పికైతే తిప్పమ్మ చెంబు ఎత్తి పోస్తే దోసిట్లో తాగేవాడు. ఒక గుడ్డ మీద ఇద్దరి వేళ్లూ ఒకే కాయను తాకవచ్చు, నీళ్లు మాత్రం పైనుంచి. అదేం లెక్కో! నలభై లెక్కలు విప్పినవాడికి ఆ లెక్క ఏనాడూ లెక్కగా కనపడలేదు.

వద్దు. ఈ ఆలోచన వద్దు, కంటికి మంచిది కాదు. ముడులు లెక్కపెడదాం. గుడ్డ కొసన కుచ్చులో ముడులున్నాయి. వాళ్లిద్దరి కట్టుబాటు అది. లెక్క దొరికినవాడు నోరు విప్పకూడదు. కుచ్చులో ఒక పోగు తీసి ముడి వేయాలి, అంతే. రెండోవాడు ఆ ముడి చూసి, ఓహో వీడికి దొరికింది అనుకుని, తన బుర్ర తాను కొట్టుకోవాలి. ఒక వారమో ఒక నెలో, తనకూ దొరికాక పక్కనే తన ముడి వేయాలి. అప్పుడే ఇద్దరూ కాయలు జరిపి చూసుకోవాలి. ముందు చెప్పేసినవాడు రెండోవాడి సుఖాన్ని దొంగిలించినట్టు. ఒకసారి ఒక గుర్రం లెక్క ఉచ్చీరప్పకు మొదటి పూటే దొరికి, దేవదాసుకు మూడు నెలలు దొరకలేదు. ఆ మూడు నెలలూ నాలుక పండ్ల మధ్య నొక్కిపెట్టుకుని చచ్చాడు ఉచ్చీరప్ప. కానీ చెప్పలేదు. దేవదాసు ముడి వేసిన దినం ఇద్దరూ చిన్నపిల్లల మాదిరి గంతులేశారు. నలభై లెక్కలు, లెక్కకు రెండు, ఎనభై ముడులు. నలభై ఒకటోదానికి ముడి లేదు. అది లెక్కే కాదు, అచ్చు తప్పు.

కుడిచేతి వేళ్లు కుచ్చు మీదికి పోయాయి. ఒకటి సన్నంగా, బియ్యపుగింజ మాదిరి. అది తనది, సాలెముడి. పక్కన ఒకటి లావుగా, రెండు మెలికలు, అది దేవదాసుది. ఎన్నిసార్లు నేర్పించినా సాలెముడి అతనికి పట్టుబడలేదు, నట్టు బిగించినట్టు బిగిస్తాడు. సన్నం, లావు. లావు, సన్నం. ఏ లెక్కలో ఎవరు ముందో వేళ్లకు తెలిసిపోతోంది. ఇరవై. నలభై. ఇక్కడ గుర్రం లెక్క, సన్నముడి మాసి నున్నబడింది, పక్కనే లావుముడి. అరవై. డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, ఎనభై. అయిపోయింది. కుచ్చు కొస ఇంకా నాలుగైదు పోగులు ఉత్తవే ఉండాలి. వేలు జరిపాడు. ఆగింది.

ఎనభై ఒకటి. లావుముడి.

తప్పు లెక్కపెట్టి ఉంటాడు. మళ్లీ మొదటినుంచి. తల కదలకూడదు, వేళ్లు మాత్రమే. సన్నం లావు, లావు సన్నం, ఒక్కోదాన్ని గోటితో గీరి మరీ. మళ్లీ ఎనభై ఒకటే. చివరిది ఒంటరిగా ఉంది, దాని పక్కన ఏమీ లేదు. కొత్త ముడి కాదది. చెమటకూ మట్టికీ గట్టిపడి, గుండు మాదిరి అయింది. ఎన్నాళ్లదో! తనకు కనపడలేదు. ఎట్లా కనపడుతుంది? మూడేండ్లుగా కండ్లకు మసక కమ్మింది, పోగులే వేళ్లతో చూసుకుని నేస్తున్నాడు. గుడ్డ మడిచేదీ, సంచిలో పెట్టుకుని పోయేదీ దేవదాసు. కొత్త లెక్క లేనప్పుడు కుచ్చు తడిమే పనే పడలేదు. అంటే, నలభై ఒకటోది దేవదాసుకు దొరికింది. దొరికి, ముడి వేసి, నోరు మూసుకుని, ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి, అవే మూడు కాయల ముందు కూర్చున్నాడు!

మూడే కాయలు. ఎడమ గుప్పిట్లో ఉన్నాయి. తెల్లరాజు. ఆ రాజు ముందు గడిలోనే తెల్లబంటు, ఇంకొక్క అడుగు వేస్తే కడవరస చేరుతుంది. బంటు ఉన్న వరసలోనే, నడుమ ఒక గడి వదిలి, కుడి అంచున నల్లరాజు. తెల్లవి ఆడి రెండెత్తుల్లో మాత్. బంటు అడుగు వేస్తే చేరేది ఒంటె గడి. వాలుగా నడిచే ఒంటె. బంటు ఏ గడి చేరితే ఆ గడిలో మొదట కూర్చున్నవాడే అవుతుంది, ఉచ్చీరప్ప తండ్రి ఆడిందీ తాత ఆడిందీ అట్లాగే. మంత్రి గడి చేరితే మంత్రి, గుర్రం గడి చేరితే గుర్రం. మిగతా నలభైలో బంటు కొస చేరిందే రెండు లెక్కల్లో, రెండింట్లోనూ మంత్రి గడే, ఇబ్బంది రాలేదు. ఇక్కడ ఒంటె. రాజూ ఒక్క ఒంటే పెట్టుకుని రెండెత్తులు కాదు, రెండు వందల ఎత్తులు వేసినా మాత్ కాదు. అందుకే అచ్చు తప్పన్నాడు. ఏదో కాయ వేయడం మర్చిపోయినారు దొరలు.

ఆ దినం! ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఆదివారం. దేవదాసు చాలాసేపు బంటునే చూసి, మెల్లగా అడిగాడు: "అన్నా, బంటు అంత దూరం నడిసొచ్చింది కదా. తానేమి కావాలనుకుంటే అది కాకూడదా?" ఉచ్చీరప్ప పగలబడి నవ్వాడు. ఏమన్నాడు? గుర్తుంది, ఒక్క ముక్క పోకుండా గుర్తుంది. "యా గడి తొక్కితే ఆ గడోడే. ఒంటె ఇంట్లో దిగినోడు ఒంటె కాక ఇంకేమయితాడు? పుట్టుక యాడికి పోతాది దేవదాసూ!" అని, తొడ చరుచుకుని మరీ నవ్వాడు. దేవదాసు నవ్వలేదు. నందవరం మాలగేరిలో కూలివాళ్ల ఇంట పుట్టి, పాదిర్ల బడిలో చదివి, మిషన్లు విప్పి బిగించే పని నేర్చి, ఆదోనిలో నలుగురి చేత ఫిట్టరుగారూ అనిపించుకునే మనిషి. అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నాడు. విని, తలవంచుకుని గుడ్డ కొసన ఏదో చేసుకుంటూ కాసేపు ఉన్నాడు, మడుస్తున్నాడనుకున్నాడు ఉచ్చీరప్ప. ముడి వేశాడు! అప్పుడే వేశాడు. తిప్పమ్మ చెంబుతో బయటికి వచ్చేసరికి మనిషి లేడు. "ఏమన్నావు ఆయప్పను? నీళ్లు కూడా తాక్కుండా పోయినాడు" అంటే, "నేనేమంటా? ఆట గురించి సెప్పినా" అన్నాడు. రెండు నెలలు రాలేదు దేవదాసు. మిల్లులో పని ఎక్కువేమో అనుకున్నాడు ఈ తెలివిగలవాడు. తర్వాత తానే వచ్చాడు. ఏమీ ఎరగనట్టు బస్సు దిగి, అరుగు మీద గుడ్డ పరిచి, మూడు కాయలు పెట్టాడు.

ఛీ. ఛీ ఉచ్చీరప్పా! సరే, ఏడిస్తే కట్టు తడుస్తుంది. ఏడవకూడదు. ఇప్పుడు చేయాల్సిన పని ఏడుపు కాదు. దేవదాసు వచ్చేలోపల ఈ లెక్క విప్పాలి. ఊరికే తప్పయిందప్పా అంటే ఆ మాట దేనికి పనికొస్తుంది? ముడి పక్కన ముడి వేయాలి. కానీలే, బంటు ఏదైనా అవుతుందనుకో. తాత ఆడినా తండ్రి ఆడినా, పక్కన పెట్టు. నడిచింది బంటు, గడి కాదు. ఇప్పుడేం చేస్తావు? మంత్రి! ఎవడైనా మంత్రే అంటాడు. బంటు అడుగు వేసింది, మంత్రి అయింది. నల్లరాజు ఎటు పోతాడు? పైన రెండు గడులూ మంత్రి చూస్తున్నాడు. పక్కనా, పక్క కిందా తెల్లరాజు కాస్తున్నాడు. కింద? కిందికి మంత్రి వాలుగా చూస్తున్నాడు. ఎక్కడికీ పోలేడు. మాత్! కాదు, ఆగు. రాజుకు షా ఏది? మంత్రి రాజును తాకడమే లేదు. షా లేదు, కదలడానికి గడీ లేదు. ఆట నిలిచిపోయింది, సమానం. గెలిచేవాడు గెలవకుండా పోయాడు. థూ. మంత్రి కాదు. అంత పెద్దవాడు అక్కర్లేదిక్కడ, పెద్దవాడైతే ఊపిరాడకుండా చేసేస్తాడు. గుర్రం? గుర్రంతో రెండెత్తుల్లో ఏమవుతుంది, ఏమీ కాదు. మరి?

"ఎమ్మిగనూరన్నా, నిద్రబోతాండావా?"

"నోరు మూసుకో భీమన్నా. పనిలో ఉండా."

"పండుకోని ఏం పనప్పా!"

ఏనుగు. గుప్పిట్లో బంటును బొటనవేలితో నొక్కిపట్టాడు. ఏనుగు నిట్టనిలువుగా, అడ్డంగా పోతుందే తప్ప వాలుగా చూడదు. కడవరసలో నిలబడితే పై గడులు రెండూ కాస్తుంది. కింద గడి వదిలేస్తుంది. నల్లరాజుకు ఒక్కటంటే ఒక్క దారి. కిందికి దిగుతాడు, దిగక తప్పదు. దిగాడా, తెల్లరాజు ఉన్న వరసలోనే, మొహామొహం. ఇప్పుడు ఏనుగు కడవరస వెంబడే జరజరా కుడి అంచుకు జరుగుతుంది. షా! అంచు పొడుగూతా ఏనుగు చూపే. పైకి పోలేడు, కిందికి పోలేడు, పక్క మూడు గడులూ తెల్లరాజువి. మాత్. రెండెత్తులు. మూడే కాయలు. అచ్చు తప్పు కాదు, ఏ కాయా మర్చిపోలేదు. ఓరి దేవుడా, ఎంత బాగుంది, ఎంత బాగుంది!

ఒళ్లంతా లేచింది. కాళ్లు ముడుచుకున్నాయి, మోచేతులు మంచానికి ఆనాయి, మెడనరాలు బిగిశాయి, భుజాలు అంగుళం పైకి వచ్చాయి. దేవదాసూ అని గోడౌను అదిరేటట్టు అరవాలి, లేచి గంతేయాలి. లేచి. అప్పుడు గుర్తొచ్చింది ఆ వేడి, ఎడమకంట్లోంచి జారిన ఆ వేడి. ఆగాడు. ఉమ్మడానికి లేచి ఒక కన్ను పోగొట్టుకున్నవాడు సంతోషానికి లేచి ఇంకోటి పోగొట్టుకుంటాడా? మోచేతులు మెల్లగా వదిలాడు. భుజాలు మెల్లగా దించాడు. ఇసుక మూటలు చెవులకు చల్లగా తగిలాయి. లోపల గంతులేసుకో, ఎన్ని కావాలంటే అన్ని. తల మాత్రం ఇక్కడే.

చెప్పుల చప్పుడు. మిషను నూనె వాసన.

"ఆలస్యమయింది అన్నా. పొయ్యి కాడ జనం." మంచం పక్కన పీట జరిగింది. "తల కదిలించాకు. నోరు తెరు."

"గంజి ఆనక. దేవదాసూ, ఈ ముడి ఎప్పుడు ఏసినావు?"

లోటా నేల మీద పెట్టిన చప్పుడు.

"సేతికి తగిలిందా?" అన్నాడు దేవదాసు. "మూడేండ్లాయ."

"సెప్పలేదే?"

"సెప్తే రూలు తప్పినట్లు కాదా? నువ్వు గుర్రం లెక్కకు మూడు నెలలు ఓర్సుకోలేదా?"

"నేను అన్న మాట వల్ల కాదా?"

"అదీ ఉండాది" అన్నాడు దేవదాసు. దాచలేదు. "రెండు నెలలు కడుపు మండింది. ఆపైన, ఈ లెక్క నీకు దొరికే దినం నేను పక్కనుండాల అనిపించింది. వచ్చినా."

గుడ్డ కొస వేళ్లకు చుట్టుకున్నాడు. "ఎడమకన్ను తుమ్ముకు పోలేదప్పా. ఎవురికీ సెప్పలేదు నేను. గంజి తాపిన ఆయమ్మను..."

"తెల్సులే అన్నా."

"ఎట్లా?"

"తాయమ్మ మా సుట్టాల పిల్లనే. నా వల్ల ఆయప్ప కన్ను పోయెనే అని నెల దినాలు ఏడ్సింది."

రెండేండ్లుగా తెలుసు. తెలిసి ఆదివారాలు వచ్చాడు, తెలిసి ఏడు దినాలు గంజి తాగించాడు. ఉచ్చీరప్పకు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కకు తిప్పుకుందామన్నా తిప్పకూడదు. "నేను నడిసేటట్లయితే మొట్టమొదట ఆయమ్మ ఇంటికి తీసకపో" అన్నాడు. "ఇప్పుడు నీ సెయ్యి ఇయ్యాకు, నేనే ఏసుకుంటా." కుడిచేత్తో ఆ గట్టి ముడి పట్టుకున్నాడు, పక్క పోగు ఏరాడు, ఎడమచేతి కాయలు ఎద మీద వదిలి, చీకట్లోనే, ముప్పై ఎనిమిదేండ్లుగా వేస్తున్న ముడిని మొదటిసారి వేస్తున్నవాడి మాదిరి నెమ్మదిగా వేశాడు. ఎనభై రెండు. "ఏనుగు" అన్నాడు. "మంత్రి కాదు. ఏనుగు."

"నాకూ మొదట మంత్రే అనిపించింది" అన్నాడు దేవదాసు. "అన్నా, నవ్వాకు. నవ్వాకు, కట్టు కదులుతాది."

"నవ్వడంల్యా."

గంజి తాగేసరికి పది కూత కూసింది. బూట్ల చప్పుడు ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ వచ్చింది. భీమన్న కన్ను నిలిచింది, "ఎద్దులు కనపడతాయా సామీ నాకు" అని అరుస్తున్నాడు. తర్వాత కత్తెర చప్పుడు, గుడ్డ పొరలు ఒక్కోటీ ఊడుతుంటే చీకటి నలుపు నుంచి ఎరుపుకు మారింది. తల కదిలించకుండా మెల్లగా తెరవమన్నాడు డాక్టరు. తెరిచాడు. తెల్లటి వెలుతురు సూదుల మాదిరి పొడిచింది. అంతా పాలు ఒలికినట్టుంది, అందులో ఏవో ఆకారాలు ఈదుతున్నాయి. డాక్టరు దళసరి అద్దం ఒకటి తెచ్చి కంటి ముందు పట్టాడు.

"ఇవి ఎన్ని వేళ్లు?"

ఉచ్చీరప్ప వెంటనే వేళ్లవైపు చూడలేదు. అద్దంలోంచి ముందు కనపడింది తన ఎద మీది తెల్లకుచ్చు. దాని కొసన పక్కపక్కన రెండు ముడులు, ఒకటి మాసి నల్లబడింది, ఒకటి పాలమాదిరి తెల్లగా ఉంది. తర్వాత ఒక చెయ్యి, గోళ్లలో నూనె మసి, ఆ చేతిలో అంచు సొట్టపోయిన లోటా నిండా నీళ్లు.

"ఏమయ్యా, వేళ్లు ఎన్ని?"

"మూడు సామీ. ఉండు, దప్పికయితాంది." కన్ను మళ్లీ ఆ లోటా పట్టిన చేతి మీదికే పోయింది. "దేవదాసూ, నీళ్లియ్యి. పైనుంచి పొయ్యాకు. ఆ అంచు నా నోటికి ఆనించు."

దేవదాసు వంగాడు. ఒక చేత్తో తల కదలకుండా పట్టి, ఇంకో చేత్తో లోటా అంచు పెదవులకు ఆనించాడు. ఉచ్చీరప్ప కన్ను తెరిచే, చూస్తూనే తాగాడు.

"మెల్లగా అన్నా" అన్నాడు దేవదాసు. "తల కదిలించాకు."